మా తాతగారికీ ఇలాంటిదే ఉండేది!

ఒక్కొక్కరికి ఒక్కొక్క చికాకు. ముద్ద నోట పెట్టకముందే ఉప్పు చాలలేదనే బావగారిని చూస్తే ఇల్లాలికి చికాకు. పత్రిక చదువుతుంటే భుజంమీదుగా తొంగిచూసే పొరుగాయనంటే ఇంటాయనకు చికాకు. కాని చికాకుల్ని తపాలా బిళ్ళల్లాగా పోగుచేసి, వచ్చినవారికల్లా చూపించి సంతోషించేవారు మాత్రం పాత కార్ల షోకున్న పెద్దమనుషులే.

నేనుండేది అమెరికాలో, దక్షిణ కాలిఫోర్నియాలో. మా ఊళ్ళో ఆదివారం తెల్లవారేసరికి ఒక కాఫీ హోటలు ముందున్న ఖాళీస్థలంలో పాత కార్లన్నీ చేరతాయి. నాకు అలాంటి కారు లేదు, కొనే స్తోమతూ లేదు. కాఫీకీ కబుర్లకీ వెడతాను. మన పల్లెల్లో బండలాగుడు పందేలప్పుడు ఎదుటివాడి గిత్తకు వంకలు పెట్టే రైతుల్ని చూసినవారికి అక్కడ కొత్తేమీ ఉండదు.

ఆ కార్లవాళ్ళలో రెండు తెగలున్నాయి. మొదటివారు క్లాసిక్ కార్లవారు. కంపెనీలోంచి వచ్చిననాడు కారు ఎలా ఉందో, ఈనాడూ బోల్టుతో సహా అలాగే ఉండాలంటారు. రెండోవారు హాట్ రాడ్ల వారు. పాత కారు తెచ్చి, మడ్‌గార్డులు ఊడదీసి, కప్పు కోసి కిందికి దించి, పెద్ద ఇంజను బిగించి పరుగెత్తిస్తారు. వీరిని చూస్తే వారికి ఒళ్ళు మంట. వారిని చూస్తే వీరికి నవ్వు.

ఇద్దరికీ ఉమ్మడి శత్రువు మాత్రం చూడవచ్చినవాడే. అద్దంలా మెరిసే రంగును చేత్తో నిమిరేవాడొకడు. నడుముకున్న బెల్టు బిళ్ళ తలుపుకు రాసుకుంటున్నా గమనించక లోపలికి తొంగిచూసేవాడొకడు. పదేళ్ళు కష్టపడి నిలబెట్టిన కారు ముందు నుంచుని “ఎంతకిస్తారు?” అనేవాడొకడు. అందరిలోకీ ఘనుడు “మా తాతగారికీ ఇలాంటిదే ఉండేది” అనేవాడు. “ఆ తాతగారికి ఉన్నది వేరే కంపెనీదీ, వేరే సంవత్సరానిదీ అయివుంటుంది. అయినా నేను తల ఊపాలి!” అని ఒకాయన నాతో మొరపెట్టుకున్నాడు.

ఇక తమలో తాము వేసుకునే చురకలకు అంతే లేదు. రోడ్డుమీద నడపకుండా, మరో బండిమీద ఎక్కించి తెచ్చే కారు వారికి ‘ట్రైలరు మహారాణి’. బాడీ ఉక్కుది కాదేమో, ఫైబర్ గ్లాసుదేమో అని అనుమానం వస్తే జేబులోంచి అయస్కాంతం తీస్తారు. ఎండకూ వానకూ మాసిన పాత రంగంటే గౌరవమే. కొత్త రేకుమీద తుప్పులాగా రంగు వేయిస్తే మాత్రం, పెద్దరికం కోసం జుట్టుకు సున్నం పూసుకున్నాడంటారు. కారు కింద నూనె చుక్కలు చూపిస్తే, “లోపల నూనె ఉందనడానికి అదే రుజువు” అంటాడు యజమాని. ఇరవైఏళ్ళు షెడ్డులో పడివున్న కారును అమ్మేవాడు “నిలిపిననాడు బాగానే నడిచిందండీ” అంటాడు. నడిచేదాన్ని ఎందుకు నిలిపావని అడగడం మర్యాద కాదు! రెండు తలుపుల కారును ‘కూప్’ అనాలి. మన రైళ్ళలో మొదటి తరగతి చిన్నగదిని పిలిచినట్టు ‘కూపే’ అన్నారో, పాఠం మొదలవుతుంది.

అన్నిటికంటె పెద్ద తగాదా ఇంజనుది. 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యుడు కొనగల కారులో ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజను పెట్టింది. 221 ఘనపుటంగుళాలు, 65 గుర్రాల బలం. హాట్ రాడ్ల వారికి ఆ ఏటి ఫోర్డు ఇలవేలుపు. 1955లో షెవర్లే కంపెనీ 265 ఘనపుటంగుళాల వి-8 తెచ్చింది. తేలికైనది, చవకైనది, పోనుపోను విడిభాగాలూ ఎక్కడంటే అక్కడ దొరికాయి. దాంతో ఫోర్డు బాడీల్లోకి షెవర్లే ఇంజన్లు కాపురానికి వచ్చాయి. “అది బొడ్డులాంటిది, లేనివాడు లేడు” అని ఈసడిస్తాడు ఫోర్డు అభిమాని.

రెండేళ్ళ కిందట ఇరవైఏళ్ళ కుర్రవాడొకడు మొదటిసారి వచ్చాడు. 1950ల నాటి ఫోర్డు పికప్ ట్రక్కు. లోపల షెవర్లే ఇంజను. మావాళ్ళు అలవాటుచొప్పున చుట్టుముట్టారు. “ఆ ఫోర్డు గుర్తు తీసేయవోయ్, పాపం సిగ్గుపడుతోంది!” అన్నాడొకాయన. అందరూ నవ్వారు. కుర్రవాడు నవ్వలేదు. బానెట్టు మెల్లగా దించి, “ఇది మా తాతగారిది. ఆయన పోయాక ఇంజను పగిలిపోయింది. నా డబ్బుకు దొరికింది ఇదే” అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఒకే మాట వెనక చెలిమి ఉంటే చురక, లేకపోతే వాత.

అప్పుడు మాలో అందరికంటె పెద్దాయన అందుకున్నాడు. “హాట్ రాడ్లు పుట్టింది ఎలాగయ్యా? డబ్బులేని కుర్రాళ్ళు చవకగా దొరికిన బాడీలో చేతికందిన ఇంజను బిగించడం వల్లనే కదా!” అన్నాడు. ఆ మాట నిజం. రెండో ప్రపంచయుద్ధానికి ముందే ఈ ప్రాంతపు కుర్రాళ్ళు మ్యూరాక్, ఎల్ మిరాజ్ ఎండు చెరువుల్లో పందేలు వేసేవారు. వేగాన్ని లెక్కకట్టే సంఘం 1937లోనూ, ‘హాట్ రాడ్’ పత్రిక 1948 జనవరిలోనూ మొదలయ్యాయి. వీధిపందేలను మాన్పించి పద్ధతిలో పెట్టాలని 1951లో వాలీ పార్క్స్ జాతీయ సంఘం స్థాపించాడు. ఇవాళ శాస్త్రం వల్లించేవారంతా ఒకప్పుడు శాస్త్రం తప్పినవారి వారసులే.

మనవాళ్ళు మాత్రం తక్కువా? పెట్రోలు అంబాసిడర్లో డీజిలు ఇంజను బిగించి టాక్సీ తోలి సంసారాలు ఈదినవారు ఎందరో! ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని కంపెనీ రంగులోనే చూసుకోవాలని ముచ్చటపడేవారూ ఉన్నారు.

మరుసటి ఆదివారం, ఎగతాళి చేసిన ఆ పెద్దమనిషే గుడ్డలో చుట్టిన వస్తువొకటి తెచ్చి కుర్రవాడి చేతిలో పెట్టాడు. ఆ ట్రక్కుకు లేని తలుపు పిడి. “ఇదొక్కటైనా ఫోర్డుది పెట్టుకో!” అన్నాడు. “మీ ఫోర్డు దారిలో ఆగిననాడు నా షెవర్లేతో లాగిస్తాను లెండి” అన్నాడు కుర్రవాడు. అందరికంటె గట్టిగా నవ్వింది ఆ పెద్దమనిషే.

ఈ అయిదారేళ్ళలో అక్కడికి వచ్చే కార్లలో మూడింటి యజమానులు కాలం చేశారు. ఒకదాన్ని కొడుకు తెస్తున్నాడు. తక్కిన రెండూ అమ్ముడుపోయాయి. కుర్రాళ్ళను వాతలు పెట్టి తరిమేస్తే, రేపు చురకలు వేయడానికి ఎవరు మిగులుతారు?

మీరెప్పుడైనా ఇలాంటి చోటికి వెడితే, చేతులు వెనక్కి కట్టుకోండి. ధర అడక్కండి. తాతగారి సంగతి ఎత్తకండి. “దీన్ని ఇలా నిలబెట్టడానికి ఎన్నాళ్ళు పట్టిందండీ?” అని మాత్రం అడగండి. అడిగేముందు, భోజనానికి రావడం ఆలస్యమవుతుందని ఇంట్లో చెప్పి రండి!