కెమెరాకు కొలత నేర్పాలి

విజయదశమి వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే వేళకు గుడి నుంచి కోట దాకా ఇసకేస్తే రాలని జనం. సీసీ కెమెరాలు వాళ్లందరినీ చూస్తూనే ఉంటాయి. అయితే చూడటం వేరు, కొలవటం వేరు. చదరపు మీటరుకు ఐదుగురు మించితే తోపులాట అదుపు తప్పవచ్చని జనసమ్మర్దాన్ని అధ్యయనం చేసినవారి అంచనా. తెరమీద కనిపించే వంద తలలు ఎంత నేలమీద నిలబడ్డాయో తెలియని కెమెరా ఆ హెచ్చరిక ఇవ్వలేదు. 2025 నవంబర్ 1న కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాటకు భక్తులు బలయ్యారు. ఆ తరువాతైనా మనం అడగవలసింది ఎన్ని కెమెరాలు పెట్టారని కాదు, వాటిలో కొలవగలిగినవి ఎన్ని అని.

తెరమీది చుక్క నేలమీద ఎక్కడిదో చెప్పాలంటే కెమెరా ఎత్తు, వంపు, చూసే దిక్కు, లెన్స్ నాభ్యంతరం, అంచుల్లో అది గీతలను ఎంత వంచుతుందన్నది తెలియాలి. వీటిని రాబట్టటమే క్రమాంకనం. చదరంగపు గళ్ల పలకను రకరకాల వాలుల్లో ఫొటోలు తీసి లెన్స్ లక్షణాలను లెక్కగట్టే పద్ధతిని జాంగ్ జెంగ్యూ 2000లో ప్రచురించాడు. ప్రయోగశాలలో అది హాయిగా సాగుతుంది. స్తంభం మీద బిగించి వీధంతా చూసే కెమెరాకు పలక పట్టి చూపటం కష్టం. అందుకే కంప్యూటర్ విజన్ వీధినే పలకగా వాడుకుంటుంది. సమాంతరమైన రోడ్డు అంచులు చిత్రంలో దూరాన ఒక బిందువు దగ్గర కలుస్తాయి; అలాంటి బిందువులు లంబ దిశల్లో రెండు దొరికితే వంపు, నాభ్యంతరం తేలతాయి. ఇక తెలిసిన పొడవు ఒకటి చాలు. ఉదాహరణకు, మన దేశంలో బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లే కదా.

దిక్కు చెప్పటానికి సూర్యుడున్నాడు. అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చిలోనూ అక్టోబరులోనూ ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకటం శ్రీకాకుళం వాసులకు తెలిసిందే. ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు దాదాపు నాలుగు డిగ్రీలు దక్షిణాన ఉంటాడు; ఉదయించేదీ నికరమైన తూర్పుకు అంతే దక్షిణంగా. తేదీ, సమయం, ఊరు తెలిస్తే సూర్యుడి స్థానం లెక్కకు అందుతుంది. తూర్పుకో పడమరకో తిరిగిన కెమెరాలో సూర్యబింబం కొన్నిసార్లు పడితే అది ఎటు చూస్తోందో తేల్చవచ్చు.

మబ్బు పట్టదా, తుపాను గాలికి కెమెరా కదలదా అంటే, నిజమే. కాబట్టి క్రమాంకనం ఒకసారి చేసి మరిచిపోయే పని కాదు. గోడల మూలల వంటి కదలని గుర్తులతో రోజూ సరిచూడాలి. వీధి ఎగుడుదిగుడుగా ఉంటే ఒకే సమతలమనుకునే లెక్క తప్పుతుంది, ఎక్కువ బిందువులు కొలవాలి. కనిపించేవి తలలు గనుక లెక్క నేల దగ్గర కాక తలల ఎత్తున జరగాలి. ఇది మరింత నిఘా కాదా అన్న ఆందోళనను తేలిగ్గా తీసుకోను. అయితే సాంద్రత కొలవటానికి ముఖాలు గుర్తుపట్టనక్కర్లేదు, ఆ హద్దు నిబంధనల్లోనే రాయాలి. వచ్చే సిరిమాను పండుగకు ముందే అధికారులు టేపులు పట్టుకుని గుడి నుంచి కోట దాకా ఉన్న ఆ వీధిలో కొలతలు తీయించాలి.