పాత రీలు కెమెరాకు కేబుల్ రిలీజ్ ఎందుకు, ఎట్లా వాడాలి?

టేకుమట్ల నుంచి మాట్లాడుతున్న. పాత రీలు కెమెరాల ముచ్చట్లలో ఈసారి కేబుల్ రిలీజ్ గురించి చెప్పుకుందాం. చూడ్డానికి సైకిల్ బ్రేకు వైరు లెక్కనే ఉంటది. పైన తొడుగు, లోపల తీగ. బ్రేకు వైరు గుంజుతది, ఇది నెడుతది, అంతే తేడా. ఒక చివరను షట్టర్ బటన్ మధ్యలో ఉన్న మరలో బిగిస్తాం. ఇంకో చివర బొటనవేలితో నొక్కితే తీగ ముందుకొచ్చి షట్టర్‌ను విడుస్తది.

స్టాండు ఉంది కదా, మళ్లీ ఇదెందుకు అని అడుగుతారు. స్టాండు కెమెరా బరువును మోస్తది గానీ, మన వేలి ఊపును ఆపలేదు. సెకనులో 250వ వంతు పెడితే ఆ ఊపు తెల్వదు. అర సెకను, ఒక సెకను పెట్టినప్పుడే బొమ్మ చెదురుతది. ఫోన్‌లో అయితే అప్పుడే చూసి మళ్లీ తీసుకుంటాం. రీలు కడిగి వచ్చేదాకా ఏం తెల్వదు. అప్పటికి ఆ వెలుగు ఉండదు, ఒక్కోసారి మనం తీసిన వస్తువే ఉండదు.

మా దగ్గరి సంగతే చూడండి. మా మండలంలోని గర్మిళ్లపల్లికి, పెద్దపల్లి జిల్లా ఓడేడుకు నడుమ మానేరు మీద వంతెన పని 2016లో మొదలైంది. ఏండ్లు గడిచినా పూర్తి కాలే. 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి గాలిదుమారానికి గడ్డర్లు కూలినయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ గడ్డర్లు పిల్లర్ల మీద ఉన్నట్టు చూడాలంటే ఇక అంతకుముందు తీసిన బొమ్మలే దిక్కు.

అసువంటి చోట పొద్దుగూకినంక తీస్తున్నాం అనుకోండి. దూరంగా ఒడ్డు మీదనే నిలబడాలి, కిందికి పోవద్దు. చేతిలో పెంటాక్స్ కె1000, లోపల ఐఎస్ఓ 100 రీలు. ఎఫ్ 2.8 దగ్గర మీటరు పావు సెకను చూపిస్తుంది. మనకు ముందునుంచి వెనుకదాకా స్పష్టంగా కావాలి కాబట్టి ఎఫ్ 11 పెడతాం. అంటే నాలుగు మెట్లు. పావు, అర, ఒకటి, రెండు, నాలుగు సెకన్లు. ఆ కెమెరా డయల్‌లో ఒక సెకను దాటితే ‘బి’ ఒక్కటే ఉంటది. నొక్కినంతసేపు షట్టర్ తెరిచే ఉంటది. బి అంటే బల్బ్. పూర్వం రబ్బరు బుడ్డి పిసికి గాలితో షట్టర్ తెరిచేవాళ్లు, ఆ పేరే మిగిలింది.

ఇప్పుడు వరుస చెప్తా. రీలు ఎక్కించకముందే వెనుక తలుపు తెరిచి, ‘బి’లో పెట్టి కేబుల్ నొక్కండి. లెన్స్‌లోంచి వెలుగు కనబడితే తీగ పొడవు సరిపోయినట్టు. మరను చేత్తోనే బిగించాలి, పట్టకారు వద్దు. కేబుల్‌ను గుంజి పట్టుకోవద్దు, వదులుగా వంపు తిరిగి ఉండాలి. బిగుతుగా ఉంటే మన చెయ్యి ఊపు మళ్లీ కెమెరాకే పోతది. గాలికి ఊగకుండా చూసుకోవాలి. మెల్లగా, ఒకే తీరుగ నొక్కి, తాళం మర తిప్పితే షట్టర్ తెరిచే ఉంటది. గడియారం చూసి నాలుగు సెకన్లకు తాళం విప్పాలి.

ఇంకో సంగతి. కె1000లో అద్దం పైకి లేచినప్పుడు కూడా కెమెరా అదురుతది. దానికి ఉపాయం ఉంది. లెన్స్ ముందు నల్ల అట్ట అడ్డం పెట్టి షట్టర్ తెరవండి, రెండు సెకన్లు ఆగి అట్ట తీయండి, లెక్క అప్పటినుంచి. మళ్లీ అట్ట అడ్డం పెట్టినంకనే షట్టర్ మూయాలి. యాషికా మ్యాట్ లాంటి రెండు లెన్సుల కెమెరాల్లో అద్దం కదలదు, ఈ బాధ లేదు.

ఒక సెకను దాటితే చాలా రీళ్లు వెలుగును తక్కువగా పట్టుకుంటయి. కంపెనీ ఇచ్చిన పట్టిక చూసుకోండి. లేకుంటే నాలుగు సెకన్లకొకటి, ఎనిమిదికొకటి తీయండి.

కొనేముందు మీ కెమెరా బటన్ చూడండి. నికాన్ ఎఫ్, పాత లైకాలకు మర బటన్ చుట్టూ ఉంటది. వాటికి వేరే ముక్క కావాలి.

ముందు ఖాళీ కెమెరాతో నాలుగు రోజులు నొక్కి అలవాటు చేసుకోండి. ఉంటా మరి, నమస్తే.