తాతగారి గడియారానికి తగిన బెల్టు

పిల్లలూ! మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉన్నదా? దాని అడుగున గుడ్డముక్కలో చుట్టిన చేతిగడియారం ఏదైనా ఉన్నదేమో మీ అవ్వను అడిగి చూడండి. మా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో ఒకప్పుడు పెళ్ళిలో అల్లుడికి వాచీ పెట్టటం గొప్ప ముచ్చట. ఆ అల్లుడు దాన్ని పండగలకూ పెళ్ళిళ్ళకూ మాత్రమే పెట్టుకుని, మళ్ళీ భద్రంగా దాచేవాడు. అందువల్ల అటువంటి వాచీలు కొన్ని నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

నేను బడిలో పాఠాలు చెప్పటం మానిన తరువాత ఇటువంటి పాత వాచీలు పోగుచెయ్యటం మొదలుపెట్టాను. ఉదయగిరిలో చెక్కతో గరిటెలూ చెంచాలూ చేసే పనివారున్నారు గదా! వారిలో ఒకరిచేత చిన్న పెట్టె చేయించి, లోపల దూది పరిచి, పదకొండు వాచీలు అందులో పెట్టుకున్నాను. వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనది మా నాయన వాచీ. ఖరీదుకు అది అన్నిటికన్నా చిన్నదే!

అది హెచ్.ఎం.టి. జనతా. మన ప్రభుత్వం 1953లో హిందుస్తాన్ మెషీన్ టూల్స్ అనే సంస్థను స్థాపించింది. ఆ సంస్థ జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగుళూరులో వాచీల కర్మాగారం పెట్టింది. అక్కడ తయారయిన మొదటి వాచీలను ప్రధాని నెహ్రూగారు విడుదల చేశారు. తరువాత ఎన్నో ఏళ్ళు బడిపంతుళ్ళూ, గుమాస్తాలూ, రైతులూ ఈ వాచీలే కట్టుకున్నారు. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ వాచీల కంపెనీని మూసెయ్యటానికి నిర్ణయించింది. ఇప్పుడు ఆ పాత వాచీలను వెతికి కొనేవారు చాలామంది ఉన్నారు.

జనతా వాచీలో బ్యాటరీ లేదు. రోజూ కీ ఇస్తే లోపలి కమాను చుట్టుకుంటుంది. అది మెల్లగా విప్పుకుంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. బ్యాలెన్సు చక్రం అటూ ఇటూ ఊగుతూ ఆ వేగాన్ని అదుపులో పెడుతుంది. అది సెకనుకు అయిదుసార్లు, అంటే రోజుకు 4,32,000 సార్లు ఊగుతుంది! ఇరుసులు అరిగిపోకుండా 17 కెంపురాళ్ళు అమర్చారు. ఇవి గనిలో దొరికినవి కావు, మనిషి కొలిమిలో తయారుచేసినవి.

మా నాయన రోజూ ఉదయం బడికి బయలుదేరేముందు కీ ఇచ్చేవాడు. ఆయన పోయిన తరువాత వాచీ నా చేతికి వచ్చింది. పాత బెల్టు చివికిపోయింది. నాయన వాచీకి మంచి బెల్టు వెయ్యాలని, దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైనది, లావుపాటిది కొన్నాను. అది వాచీకి సరిపోతుందా లేదా అని చూడలేదు.

వారం తిరక్కుండానే ఆత్మకూరు బస్టాండులో బస్సు ఎక్కుతూ కమ్మీ పట్టుకున్నాను. బెల్టు ఊడి వాచీ కింద పడింది! అద్దం పగిలింది, నిమిషాల ముల్లు వంగింది, శబ్దం ఆగిపోయింది. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు.

వాచీలు బాగుచేసే ఒక ముసలి సాయిబుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని చూశాడు.

"అయ్యవారూ, మీ బెల్టు ఖరీదైనదే. కాని ఇది ఈ వాచీది కాదు," అన్నాడు.

"అంటే?"

"వాచీ కొమ్ముల మధ్య 18 మిల్లీమీటర్లు చోటున్నది. మీ బెల్టు 16. లోపలి పిన్ను కూడా పొట్టిదే. అది కొమ్ముల రంధ్రాలను సరిగా పట్టుకోలేదు. పిల్లలకు లెక్కలు చెప్పేవారు, మీరు కొలవలేదా?"

నాకు సిగ్గు వేసింది. ఎన్నో ఏళ్ళుగా "కొలిచి చూడండిరా" అని పిల్లలకు చెప్పినవాణ్ణి నేనే గదా!

ఆనాడు ఆయన నేర్పినదే మీకు చెబుతున్నాను. మొదటిది కొలత. సన్నని కాగితపు ముక్కను రెండు కొమ్ముల మధ్య సరిగ్గా పట్టేటట్టు కత్తిరించి, దాన్ని స్కేలుమీద పెట్టి చూడండి. బెల్టూ, పిన్నూ ఆ కొలతవే కావాలి. రెండవది మందం. పల్చని వాచీకి పల్చని బెల్టే అందం. లావు బెల్టు వేస్తే చిన్నపిల్లవాడికి తాత చెప్పులు తొడిగినట్టుంటుంది. మూడవది రంగు. నలుపు, గోధుమ రంగులు దాదాపు అన్నిటికీ నప్పుతాయి. వాచీ బంగారు రంగుదైతే బకిలు కూడా ఆ రంగుదే చూసుకోండి. కొన్ని బాగా పాత వాచీలకు పిన్ను ఊడిరాదు, కొమ్ముల మధ్య కడ్డీ అతికి ఉంటుంది. ఆ కడ్డీని కొయ్యకండి. దాని చుట్టూ తిప్పి కట్టే బెల్టులు వేరే దొరుకుతాయి.

నాలుగవది తోలు. మా మెట్టలలో పసుపుపచ్చని పూలు పూసే తంగేడు మీరు చూసే ఉంటారు. దాని బెరడుతో తోళ్ళు పదును చెయ్యటం దక్షిణదేశంలో పాతకాలపు విద్య. ఆ బెరడులోని టానిన్ అనే పదార్థం తోలుతో కలిసి, అది కుళ్ళకుండా చేస్తుంది. ఇప్పుడు క్రోమియం లవణాలతో పదును చేసిన తోళ్ళే ఎక్కువ. దేన్ని వాడినా చెమట తోలుకు శత్రువు. ఎండాకాలంలో రోజూ కట్టుకోవాలంటే గుడ్డ బెల్టు మేలు. తోలు బెల్టును శుభకార్యాలకు ఉంచి, విప్పగానే పొడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. కట్టినప్పుడు చిటికెనవేలు దూరేటంత వదులు ఉండాలి.

ఇక ఒక హెచ్చరిక. పూర్వం కొన్ని విదేశీ వాచీలలో అంకెలు చీకట్లో మెరవటానికి రేడియం కలిపిన రంగు పూసేవారు. అమెరికాలో ఆ రంగు పూసిన కార్మిక స్త్రీలు, కుంచె మొన తేలటానికి దాన్ని పెదవులతో తడిపి, జబ్బుపడ్డారు. కొందరు చనిపోయారు. ఇప్పుడు ఆ అంకెలు మెరవకపోయినా రేడియం అందులోనే ఉంటుంది. అది సగానికి తగ్గటానికే 1600 ఏళ్ళు పడుతుంది! కనుక పాత వాచీల మూత మీరు ఎన్నడూ తెరవకండి.

పెద్దలకు కూడా ఒక మాట. పాత వాచీని కొత్తదానిలా చెయ్యాలని డయలుకు రంగు వేయించకండి. గీతలు పడితే పడనివ్వండి. పాతది పాతదిలా ఉండటమే దాని విలువ.

సాయిబుగారు మా నాయన వాచీకి అద్దం మార్చి, ముల్లు సరిచేసి, సన్నని నల్లబెల్టు వేసి ఇచ్చాడు. దాని ఖరీదు నా గొప్ప బెల్టులో నాలుగోవంతు కూడా లేదు. ఆ వాచీ ఇప్పటికీ నడుస్తూనే ఉన్నది. రోజూ ఉదయం మా నాయన కీ ఇచ్చిన వేళకే నేనూ ఇస్తున్నాను.

పిల్లలూ! ఈ ఆదివారం మీ పెద్దల అనుమతితో ఇంట్లోని పాత వాచీని బయటికి తీయించండి. కాగితపు ముక్కతో కొలత తీసుకోండి. ఆ వాచీ ఎవరిది, ఎప్పటిది, ఎవరు పెట్టారు అని అడిగి, ఒక చీటీమీద రాసి దానితోపాటు ఉంచండి. బెల్టు ఎప్పుడైనా కొనవచ్చు. ఆ కథ చెప్పేవారు మాత్రం ఎల్లకాలం ఉండరు.