అధిక వేగ పల్సార్లు

అధిక వేగ పల్సార్లు అనగా తాము పుట్టిన చోటును విడిచి, అంతరిక్షంలో సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో ప్రయాణించే న్యూట్రాన్ నక్షత్రాలు. 233 పల్సార్ల కదలికలను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పుట్టినపుడు వీటి సగటు వేగం సెకనుకు దాదాపు 400 కి.మీ. చీమకుర్తి నుండి హైదరాబాదుకు ఒక సెకనులోపే చేరగల వేగమిది. ఈ పల్సార్లకు జన్మనిచ్చిన సూపర్నోవా విస్ఫోటనం అన్ని దిశలలో సమానంగా జరగలేదనడానికి ఈ వేగమే ముఖ్య సాక్ష్యం.

పుట్టుక

సూర్యుని కంటే సుమారు 8 రెట్లకు మించిన ద్రవ్యరాశి గల నక్షత్రంలో ఇంధనం తీరిపోయినపుడు దాని ఇనుప గర్భం తన బరువుకు తానే కుప్పకూలుతుంది. పైపొరలు సూపర్నోవాగా పేలి చెదిరిపోతాయి. మిగిలిన గర్భం న్యూట్రాన్ నక్షత్రమవుతుంది. దీని వ్యాసార్థం 10 కి.మీ.కు కాస్త అటూ ఇటూ ఉన్నా, ద్రవ్యరాశి సూర్యుని కంటే ఎక్కువ. ఇది వేగంగా తిరుగుతూ, దీపస్తంభం వలె రేడియో కిరణాలను వెదజల్లితే దానిని పల్సార్ అంటారు. మొదటి పల్సార్‌ను 1967లో జోసెలిన్ బెల్ గుర్తించింది.

వేగానికి కారణాలు

జంట నక్షత్రాలలో ఒకటి పేలినపుడు బంధం తెగి రెండూ విడిపోవచ్చునని 1961లో బ్లావ్ వివరించాడు. అయితే అత్యధిక వేగాలకు ఈ కారణం చాలదు. పేలుడులో పదార్థం ఒక వైపుకు ఎక్కువగా వెలువడితే, న్యూట్రాన్ నక్షత్రం దానికి ఎదురు దిశలో నెట్టబడుతుంది. కాసియోపియా-ఎ అవశేషంలో టైటానియం-44 అధిక భాగం, అక్కడి న్యూట్రాన్ నక్షత్రం కదిలే దిశకు దాదాపు ఎదురు దిశలో పోతున్నట్లు తేలింది. విస్ఫోటన శక్తిలో సుమారు 99 శాతం న్యూట్రినోల రూపంలో పోతుంది కనుక, వాటి ప్రసరణలో ఒక శాతం హెచ్చుతగ్గు ఉన్నా నక్షత్రానికి గణనీయమైన వేగం లభిస్తుంది.

వేగాన్ని కొలవడం

ఆకాశంలో పల్సార్ ఏటా జరిగే కోణాన్ని, దాని దూరాన్ని కలిపి వేగాన్ని లెక్కిస్తారు. ఈ విధంగా బి1508+55 అనే పల్సార్ వేగం సెకనుకు దాదాపు 1,080 కి.మీ. అని 2005లో తేలింది. సూర్యుని పరిసరాలలో పాలపుంత ఆకర్షణను దాటడానికి సుమారు 550 కి.మీ. వేగం చాలు. కనుక ఈ పల్సార్ ఎప్పటికైనా పాలపుంతను వీడిపోతుంది.

కొలతలు మారుతుంటాయి కూడా. సిటిబి 1 అనే సూపర్నోవా అవశేషం నుండి వెలుపలికి దూసుకుపోతున్న జె0002+6216 వేగం 1,130 కి.మీ. అని 2019లో ప్రకటించారు. సూక్ష్మమైన రేడియో కొలతలతో 2023లో అది సుమారు 335 కి.మీ.కు తగ్గింది. వేగం తగ్గినా పుట్టుక మాత్రం రూఢి అయింది. వెనుకకు లెక్కిస్తే దాని మార్గం ఆ అవశేషం కేంద్రానికే చేరుతుంది. ఆ ప్రయాణ కాలం దాదాపు 47,600 సంవత్సరాలు. భ్రమణం మందగించే తీరును బట్టి అంతకు ముందు వేసిన వయసు సుమారు 3 లక్షల సంవత్సరాలు.

భారతీయుల కృషి

పల్సార్ భ్రమణాక్షం, కదలిక దిశ ఒకే వరుసలో ఉన్నాయా అన్నది తెలిస్తే విస్ఫోటన స్వభావం మరింత స్పష్టమవుతుంది. రేడియో తరంగాల ధ్రువణాన్ని బట్టి అక్షం దిశను కనుగొనే నమూనాను 1969లో వి.రాధాకృష్ణన్, కుక్ ప్రతిపాదించారు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఆస్ట్రోశాట్, క్రాబ్ పల్సార్ నుండి వచ్చే ఎక్స్‌ కిరణాల ధ్రువణాన్ని కొలిచింది.