కాలువ గేజీ నుంచి కంప్యూటర్ తెర వరకు: ఆర్‌టీయూ కమ్యూనికేషన్ డ్రైవర్ అమరికలో సరిచూడవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

గుంటూరు: నాగార్జునసాగర్ కుడి కాలువలో ఏ రోజున ఎన్ని క్యూసెక్కుల నీరు ప్రవహించినదో తెలిపే అంకె అధికారుల సమీక్షలకు, పత్రికల వార్తలకు, ఆయకట్టు రైతుల సాగు నిర్ణయాలకు ఆధారమవుతున్నది. లస్కర్లు గేజీ చూసి నమోదు చేసే పద్ధతికి తోడుగా నేడు సెన్సార్లు, రిమోట్ టెర్మినల్ యూనిట్లు, స్కాడా అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ నీటిపారుదల రంగంలోకి వచ్చాయి. ఈ ఏర్పాటులో కంటికి కనిపించని ఒక భాగం కమ్యూనికేషన్ డ్రైవర్. దాని అమరికలో ఒక్క గడి తప్పుగా నింపినా కాలువలో ఉన్న నీరు ఒకటి, తెరపై కనిపించే నీరు మరొకటి అవుతుంది. అందువలన దీని పనితీరును సాంకేతిక సిబ్బందితో పాటు సమీక్షాధికారులు, పాత్రికేయులు కూడా స్థూలంగా తెలిసికొనడం అవసరం.

అంకె విలువ ఎంత?

1955 డిసెంబరు 10న అప్పటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ సాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. జవహర్ కాలువగా పేరొందిన కుడి కాలువ పొడవు సుమారు 203 కిలోమీటర్లు. తల వద్ద గరిష్ఠ ప్రవాహ సామర్థ్యం 11,000 క్యూసెక్కులు. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో సుమారు 11 లక్షల ఎకరాలకు ఈ కాలువ ఆధారం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ అనంతరం పల్నాడు, బాపట్ల జిల్లాలు కూడా ఈ ఆయకట్టులో భాగస్వాములయ్యాయి.

బచావత్ ట్రిబ్యునల్ కేటాయింపులలో కుడి కాలువ వాటా 132 టీఎంసీలు. కొలతలో 5 శాతం తేడా వచ్చిందనుకుంటే అది 6.6 టీఎంసీలకు సమానం. 11,000 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే 0.95 టీఎంసీ అవుతుంది. అనగా 5 శాతం తేడా కాలువ నిండుగా వారం రోజులు పారిన నీటితో సమానం. అద్దంకి, దర్శి, ఒంగోలు బ్రాంచి కాలువల చివరి భూములకు ఆ వారమే కీలకం. నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప ఆరుతడి పంటలు. మిరపకు తడి ఆలస్యమైతే పూత రాలిపోతుంది. నీరు ఎక్కువై పొలంలో నిలిస్తే వేరుకుళ్ళు సోకుతుంది. కనుక ఎంత నీరు వచ్చినదన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు వచ్చినదన్నది కూడా అంతే ముఖ్యం.

రాష్ట్ర విభజన అనంతరం ఈ లెక్కకు మరింత ప్రాధాన్యం ఏర్పడింది. 2014 పునర్విభజన చట్టం ప్రకారం ఏర్పడిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు తొలి దశలో 18 చోట్ల టెలిమెట్రీ పరికరాలను ఏర్పాటు చేయించింది. 2023 నవంబరు చివరలో సాగర్ డ్యామ్ వద్ద ఉభయ రాష్ట్రాల పోలీసులు మోహరించిన సంగతి విదితమే. ఇరుపక్షాలు అంగీకరించే కొలత ఉన్నప్పుడే ఇటువంటి వివాదాలలో చర్చకు ఒక పునాది ఏర్పడుతుంది.

ఇదే నదిపై ఎగువన కర్ణాటకలోని నారాయణపూర్ ఎడమ కాలువ ఆధునికీకరణ పథకాన్ని 2023 జనవరి 19న ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ యాద్గిర్ జిల్లా కొడెకల్‌లో ప్రారంభించారు. 10,000 క్యూసెక్కుల సామర్థ్యం గల ఆ కాలువపై గేట్ల నిర్వహణను స్కాడాతో అనుసంధానించారు. కాలువల నిర్వహణ ఏ దిశగా సాగుతున్నదో దీనివలన గ్రహించవచ్చు.

డ్రైవర్ చేసే పని

రెగ్యులేటర్ వద్ద సెన్సార్ నీటిమట్టాన్ని కొలుస్తుంది. పక్కనే పెట్టెలో ఉండే రిమోట్ టెర్మినల్ యూనిట్, క్లుప్తంగా ఆర్‌టీయూ, ఆ కొలతను అంకెగా మార్చి తన జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. కార్యాలయంలోని సాఫ్ట్‌వేర్‌కు ఆర్‌టీయూ భాష నేరుగా తెలియదు. ఈ రెండింటి మధ్య దుబాసీ వలె పనిచేసే ప్రోగ్రామే కమ్యూనికేషన్ డ్రైవర్. ఎవరిని అడగాలి, ఏ భాషలో అడగాలి, ఎంతసేపు ఎదురుచూడాలి, వచ్చిన అంకెకు ఏ అర్థం చెప్పాలి అన్న నాలుగు విషయాలను దీనికి ముందుగా నిర్దేశించాలి.

ఈ భాషలను ప్రోటోకాల్ అంటారు. 1979లో వెలువడిన మోడ్‌బస్ వీటిలో ఎక్కువ వాడుకలో ఉన్నది. నీటి సరఫరా, విద్యుత్ రంగాలలో డీఎన్‌పీ3, ఐఈసీ 60870 ప్రమాణాలు కూడా అమలులో ఉన్నాయి. ఆర్‌టీయూలో ఏ ప్రోటోకాల్ ఎంచుకున్నారో డ్రైవర్‌లోనూ అదే ఎంచుకోవాలి.

మార్గం, చిరునామా

తీగ మార్గమైతే వేగం, ప్యారిటీ, స్టాప్ బిట్ రెండు వైపులా ఒకటిగా ఉండాలి. నెట్‌వర్క్ మార్గమైతే ఐపీ చిరునామాతో పాటు పోర్టు సంఖ్య ఇవ్వాలి. మోడ్‌బస్‌కు 502, డీఎన్‌పీ3కి 20000, ఐఈసీ 104కు 2404 ప్రామాణిక పోర్టులు. తీగ మార్గపు మోడ్‌బస్‌లో ప్రతి ఆర్‌టీయూకు 1 నుంచి 247 లోపు ప్రత్యేక సంఖ్య కేటాయించాలి. ఒకే లైనుపై రెండు యూనిట్లకు ఒకే సంఖ్య ఇస్తే జవాబులు ఒకదానిపై మరొకటి పడి పాడవుతాయి.

రిజిస్టర్ల లెక్కింపులో మరొక చిక్కు ఉన్నది. పట్టికలో 40001 అని రాసిన రిజిస్టరు లైనుపై 0వ చిరునామాగా ప్రయాణిస్తుంది. కొందరు తయారీదారులు 0 నుంచి, మరికొందరు 1 నుంచి లెక్కిస్తారు. ఈ తేడాను గమనించకపోతే ఎగువ మట్టానికి బదులు పక్కనే ఉన్న దిగువ మట్టం తెరపైకి వస్తుంది. రెండూ నమ్మదగిన అంకెలే కనుక ఈ పొరపాటు చాలాకాలం బయటపడకపోవచ్చు.

అంకెకు అర్థం

సెన్సార్ సాధారణంగా 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్ సంకేతం పంపుతుంది. 0 నుంచి 5 మీటర్ల శ్రేణి గల సెన్సార్ 12 మిల్లీ ఆంపియర్లు పంపినచో మట్టం 2.5 మీటర్లు. డ్రైవర్‌లో శ్రేణిని పొరపాటున 6 మీటర్లుగా నింపితే అదే సంకేతం 3 మీటర్లుగా కనిపిస్తుంది. మట్టంలో 20 శాతం తేడా అక్కడితో ఆగదు. నీరు గోడపై నుంచి దూకే వియర్ వంటి చోట ప్రవాహం మట్టానికి ఒకటిన్నర ఘాతంలో పెరుగుతుంది. అందువలన క్యూసెక్కుల లెక్క సుమారు 31 శాతం అధికమవుతుంది.

దశాంశ సంఖ్యలకు రెండు రిజిస్టర్లు అవసరం. వాటిలో ఏది ముందు, ఏది వెనుక అన్న వరుస తయారీదారును బట్టి మారుతుంది. వరుస తారుమారైతే సరిగ్గా 2.5 మీటర్ల మట్టం తెరపై 0.00గా కనిపిస్తుంది. కాలువ నిండుగా పారుతున్నా రికార్డులో ఎండిపోయినట్లు నమోదవుతుంది.

జవాబు రానప్పుడు

డ్రైవర్ ఒక్కొక్క ఆర్‌టీయూను వరుసగా అడుగుతుంది. ఉదాహరణకు ఒకే మార్గంపై 20 యూనిట్లు ఉండి, ఒక్కొక్కటి 2 సెకన్లలో జవాబిస్తే 40 సెకన్లలో ఒక చుట్టు పూర్తవుతుంది. వాటిలో 5 యూనిట్లు సోలార్ బ్యాటరీ దిగిపోయి మౌనంగా ఉన్నాయనుకుందాం. వేచియుండే గడువు 5 సెకన్లు, మరల ప్రయత్నాలు 3 అయితే ఒక్కొక్క మౌన యూనిట్‌పై 20 సెకన్లు వృథా అవుతాయి. అప్పుడు చుట్టు 130 సెకన్లకు పెరుగుతుంది. గడువును మరీ తగ్గిస్తే, మొబైల్ నెట్‌వర్క్ మందగించినప్పుడు బాగున్న యూనిట్ కూడా చెడిపోయినట్లు కనిపిస్తుంది. కావున గడువును మార్గపు వాస్తవ వేగాన్ని కొలిచి నిర్ణయించాలి. మౌనంగా ఉన్న యూనిట్లను కొంతసేపు పక్కనపెట్టి, అప్పుడప్పుడు మాత్రమే పలకరించే ఏర్పాటు చేయాలి.

ఇంతకన్నా ముఖ్యమైన అంశం మరొకటి ఉన్నది. జవాబు రాకపోవడం వేరు, జవాబు సున్నా కావడం వేరు. సంబంధం తెగినప్పుడు చివరి అంకెనే తెరపై నిలిపివుంచితే అది తాజా కొలతగా భ్రమ కల్పిస్తుంది. సున్నా చూపితే నీరు ఆపివేశారన్న వదంతికి తావిస్తుంది. కనుక ప్రతి అంకె వెంట దాని నాణ్యతా సూచికను, కొలిచిన సమయాన్ని తప్పనిసరిగా చూపాలి. సంకేతం 4 మిల్లీ ఆంపియర్ల కంటే బాగా తగ్గినప్పుడు దానిని తీగ తెగిన సూచనగా నమోదు చేయాలి.

సమయం, భద్రత

ఆర్‌టీయూ గడియారం అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉండి, డ్రైవర్‌లో ఐదున్నర గంటల సవరణ చేయకపోతే, ఉదయం 5 గంటల కొలత ముందురోజు రాత్రి 11.30గా నమోదవుతుంది. రోజువారీ నీటి లెక్క ఒక రోజు నుంచి మరొక రోజుకు జారిపోతుంది. డీఎన్‌పీ3 వంటి ప్రోటోకాల్‌లలో, సంబంధం తెగిన కాలపు కొలతలను ఆర్‌టీయూ సమయంతో సహా దాచి తరువాత పంపగలదు. మూల మోడ్‌బస్‌లో ఈ సౌకర్యం లేదు. కాబట్టి ఖాళీలు ఎలా పూరిస్తారో ఒప్పంద దశలోనే తేల్చుకోవాలి.

మూల మోడ్‌బస్‌లో అడిగినవారు ఎవరో నిర్ధారించే ఏర్పాటు కూడా లేదు. కొలతల కోసమే ఉద్దేశించిన డ్రైవర్‌కు చదివే అనుమతి మాత్రమే ఇచ్చి, రాసే ఆదేశాలను నిరోధించాలి. ఆర్‌టీయూలను బహిరంగ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచరాదు. గేట్లను కదిలించే ఆదేశాలు ఉన్నచోట, స్థానిక సిబ్బంది చేతిలో స్థానిక, దూర నియంత్రణల మార్పిడి స్విచ్ ఉండి తీరాలి.

ఆమోదానికి ముందు

డ్రైవర్ పచ్చ గుర్తు చూపినంత మాత్రాన అమరిక సరిగా ఉన్నట్లు కాదు. జవాబు వస్తున్నదని మాత్రమే దాని అర్థం. ఒక సిబ్బంది రెగ్యులేటర్ వద్ద గేజీ చదువుతుండగా, మరొకరు కార్యాలయంలో తెర చదివి, రెండు అంకెలను ఒకే పట్టికలో సంతకాలతో నమోదు చేయాలి. తక్కువ, మధ్యస్థ, ఎక్కువ మట్టాల వద్ద ఈ పరీక్ష జరగాలి. ఒక తీగను కావాలని విప్పి, తెరపై హెచ్చరిక వచ్చినదీ లేనిదీ చూడాలి. అమరిక ఫైలు ప్రతిని భద్రపరచి, మార్పు చేసిన ప్రతిసారీ తేదీ, కారణం రాయాలి. సెన్సార్ లేక ఆర్‌టీయూ మార్చినప్పుడు పరీక్షను మరల చేయాలి.

టెలిమెట్రీ అంకె ఆధారంగా వార్త రాసే పాత్రికేయులు, సమీక్ష జరిపే అధికారులు మూడు ప్రశ్నలు అడగడం మంచిది. ఈ అంకె ఏ సమయంలో కొలిచినది? అప్పుడు సంబంధం సవ్యంగా ఉన్నదా? గేజీతో చివరిసారి ఎప్పుడు సరిపోల్చారు? ఈ మూడింటికి రాతపూర్వక జవాబు ఉన్నప్పుడు దర్శి, ఒంగోలు చివరి భూముల రైతు అడిగే ప్రశ్నకు కూడా కార్యాలయం సూటిగా జవాబు చెప్పగలుగుతుంది. లస్కర్ గేజీ పుస్తకం ఇందుకు సాక్ష్యం కనుక, యంత్రాలు వచ్చిన తరువాత కూడా దాని నిర్వహణ కొనసాగవలసి ఉన్నది.