గుట్ట మీద మోదుగు పూత

అమెరికాలో ఉంటున్న మా పిన్ని కూతురు ఏటా అక్టోబరులో ఎర్రబారిన మేపుల్ చెట్ల ఫొటోలు పంపుతుంది. మా దేవరుప్పుల వైపు చెట్లకు రంగొచ్చేది అప్పుడు కాదు. మాఘంలో నేలలో తడి తగ్గాక ఆకు రాలుస్తాయి. ఆ బోసి కొమ్మల మీదే మోదుగు, బూరుగు పూస్తాయి.

2021 ఫాల్గుణంలో ఆ పూత కోసం గుట్టలెక్కాను. సరదాకి కాదు లెండి! లాక్‌డౌన్‌లో మా వారి ఉద్యోగం పోయింది. హైదరాబాదులో ఇల్లు ఖాళీచేసి, సామానుతో సహా అత్తగారింటికి వచ్చేశాం. ఇంట్లో ఎవరి మూల వారిది. ఓ పొద్దున అత్తమ్మే "కడవెండి దిక్కు గుట్టకు పోదాం పా బిడ్డా, హోళికి పూలు తెచ్చుకుందం" అంది.

కడవెండి అంటే 1946లో అమరుడైన దొడ్డి కొమరయ్య ఊరే.

మోకాళ్ల నొప్పులున్న ఆవిడ ముందు, ఆయాసపడుతూ నేను వెనక. దారిలో ఓ చెట్టుకు ఆకూ లేదు, పువ్వూ లేదు. "ఎండిపోయిందత్తమ్మా" అన్నాను.

"గోటితోని గీకి చూడు."

గీకాను. బెరడు కింద పచ్చగా ఉంది.

పైకెక్కాక చూడాలి! వాలంతా మోదుగులే. నల్లటి మఖమలు తొడిమల్లో చిలుకముక్కుల్లాంటి పూలు. అరగంటసేపు అప్పుల సంగతి గుర్తే రాలేదు.

కొంగునిండా తెచ్చి మరిగించి, రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి నారింజ రంగు నీళ్లు. హోళి అయ్యాక కూడా రెండుసార్లు వెళ్లాం, పూలకని కాదు. రెండోసారి మా వారూ చెప్పులేసుకుని బయల్దేరారు.