పొగను పారేయని ఇంజను

రాకెట్‌లో ఇంధనాన్ని పంపు తోస్తుంది సరే, ఆ పంపును తిప్పేదేమిటి? క్లాసులో ఒక పిల్లవాడు వేసిన ప్రశ్న ఇది. పాఠాలన్నీ న్యూటన్ మూడో సూత్రం చెప్పి ఊరుకుంటాయి. నాకు మాత్రం రాకెట్ తెలివంతా ఆ పంపు దగ్గరే ఉందనిపిస్తుంది.

చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన సాటర్న్-5 కింద ఐదు ఎఫ్-1 ఇంజన్లుండేవి. ఒక్కోదాని దహన గదిలో పీడనం గాలి పీడనానికి సుమారు 70 రెట్లు. అంత ఒత్తిడికి ఎదురుగా సెకనుకు రెండున్నర టన్నుల పైచిలుకు కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ లోపలికి నెట్టాలి. దానికి కావలసింది 55,000 హార్స్‌పవర్. అందుకే ట్యాంకుల్లోని సరుకే కొంచెం తీసి, పక్కన చిన్న గదిలో కాల్చి, ఆ వాయువుతో టర్బైన్ తిప్పారు. తిరిగాక ఆ వాయువును నాజిల్ గోడల వెంట వదిలేశారు. గోడ చల్లబడింది గానీ, ఆ ఇంధనం తోపుకు పెద్దగా కలిసిరాలేదు. పీడనం పెంచుదామంటే పంపుకు ఇంకా బలం కావాలి, అంటే ఇంకా ఇంధనం అలా పోవాలి.

రష్యన్లు పట్టుకున్న కిటుకు ఇక్కడే. బెల్లం వండేవాళ్లు చెరుకు పిప్పిని పారేయకుండా పొయ్యిలో పెట్టినట్టు, టర్బైన్ తిప్పిన వాయువును తిన్నగా పెద్ద దహన గదిలోకే పంపారు. ఆక్సిజన్ దాదాపు మొత్తం ప్రీబర్నర్ అనే చిన్న గదిలోకి వస్తుంది. అక్కడ కిరోసిన్ కొంచెమే కలుస్తుంది. ఆక్సిజన్ అంత ఎక్కువుండటం వల్ల వేడి టర్బైన్ తట్టుకునేంతకు దిగుతుంది. బయటికొచ్చిన వేడి ఆక్సిజన్, పెద్ద గదిలో మిగతా కిరోసిన్‌తో కలిసి పూర్తిగా మండుతుంది. వృథా అయ్యేది ఏమీ లేదు.

మరి కిరోసిన్ ఎక్కువ వేసి ఆక్సిజన్ తగ్గించవచ్చుగా? అలా చేస్తే మసి పట్టి దారులు పూడిపోతాయి. అయితే ఆక్సిజన్ దారిలోనూ గండం ఉంది. ఒత్తిడి మీదున్న వేడి ఆక్సిజన్‌లో ఉక్కు కూడా అంటుకుంటుంది. దానికి తట్టుకునే మిశ్రలోహాలు, పూతలు తయారుచేసుకోవడమే వాళ్ల అసలు ఘనత అంటాను.

ఈ రకం పెద్ద కిరోసిన్ ఇంజను పుట్టింది ఒక తగవులోంచి. సోవియట్ రాకెట్ల రూపకర్త సెర్గీ కొరొల్యోవ్, ఇంజన్ల రూపకర్త వాలెంతిన్ గ్లుష్కో ఇద్దరూ 1938లో స్టాలిన్ జైళ్లకు పోయి వచ్చినవాళ్లే. చంద్రయాత్రకు ఎన్-1 రాకెట్ తలపెట్టినప్పుడు, మనుషులు కూర్చునే రాకెట్‌లో గ్లుష్కో కోరిన విషపు ఇంధనం వద్దన్నాడు కొరొల్యోవ్. కిరోసిన్‌తో పెద్ద ఇంజను చేస్తే మంట నిలకడ తప్పుతుందన్నాడు గ్లుష్కో. రాజీ కుదరలేదు. కొరొల్యోవ్ వెళ్లి విమాన ఇంజన్లు చేసే నికొలాయ్ కుజ్నెత్సోవ్‌ను అడిగాడు. ఆయన ఎన్‌కె-15 చేసిచ్చాడు. ఎన్-1 మొదటి అంచెలో అవి 30. వాటి కవాటాల్లో కొన్ని ఒక్కసారే పనిచేసే రకం కాబట్టి ఎగిరే ఇంజన్లను ముందుగా మండించి చూడలేకపోయారు. ప్రతి విడతలోంచి కొన్ని తీసి పరీక్షించి, మిగతావి బిగించేవారు. 1969, 1972 మధ్య నాలుగు ప్రయోగాలూ విఫలమయ్యాయి. ఆ కవాటాల లోపం దిద్ది చేసిన ఎన్‌కె-33లో దహన గది పీడనం ఎఫ్-1కు రెట్టింపు పైనే, కానీ ఎన్-1 మీద ఎగిరే యోగం దానికి పట్టలేదు.

1974లో కొరొల్యోవ్ సంస్థకు గ్లుష్కోయే అధిపతయ్యాడు. ఎన్-1ను ఆపేశాడు. ఆ తర్వాత ఆయన సంస్థ చేసిన ఆర్‌డి-170లో మండిందేమిటో తెలుసా? కిరోసిన్, ద్రవ ఆక్సిజన్! నిలకడ కోసం దహన గదిని నాలుగుగా విడగొట్టారు. తోపులో అది ఎఫ్-1ను మించింది.

దాన్ని సగం చేసిన ఆర్‌డి-180ని అమెరికా కొనుక్కుంది. 2024 జూన్‌లో సునీతా విలియమ్స్‌ను పైకి తీసుకెళ్లిన అట్లాస్-5 మొదటి అంచెలో ఉన్నది అదే. స్టార్‌షిప్ రాప్టర్ ఇంజను మీథేన్ వాయువునూ, ఆక్సిజన్‌నూ రెండింటినీ టర్బైన్ల గుండా నడిపిస్తుంది. ఇస్రో కూడా మహేంద్రగిరిలో ఆక్సిజన్ దారి పట్టిన సెమీ క్రయోజెనిక్, అంటే కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే ఇంజనును పరీక్షిస్తోంది. శ్రీహరికోట నుంచి గగన్‌యాన్‌ను మోయాల్సిన ఎల్‌వీఎం3 నడిమి అంచెలో ప్రస్తుతం ఉన్నవి కొరొల్యోవ్ వద్దన్న రకం విషపు ద్రవాలే. ఎల్‌వీఎం3లో వాటి స్థానంలోకి రానున్నది ఈ కిరోసిన్ ఇంజనే.